ఏడో నంబరు గ్లాసు

ఉక్కుకీ ఉక్కపోతకీ కొదవలేని విశాఖపట్నంలో వామనమూర్తి అనే లోహశాస్త్రవేత్త ఎంగిలంటని గ్లాసు కనిపెట్టాడు.

పేరుకి వామనుడే గానీ గొంతు త్రివిక్రముడిది. ల్యాబు గుమ్మంలో ఆయన తుమ్మితే క్యాంటీన్లో ఎవరో ఒకరు "శతాయుష్షు" అనేవారు. యాభై రెండేళ్ళొచ్చినా మాటని మెలి తిప్పందే ఆయనకి ముద్ద దిగదు. సొంత పెళ్ళిలో తలంబ్రాలు పోస్తూ కూడా "నా తల అంబరాన్నంటింది" అన్నాడని భార్య శేషారత్నం ఇప్పటికీ చుట్టాల దగ్గర వాపోతూ ఉంటుంది.

గ్లాసు చూడ్డానికి మామూలు స్టీలు గ్లాసే. నిధులిచ్చే కమిటీ ఏడుగురూ మొదటిసారి ల్యాబుకొచ్చిన రోజున ఆయన దాన్నిండా టీ పోసుకుని, అందరూ చూస్తుండగా సగం తాగి, మిగతాది పారబోసి, బల్లమీద పెట్టాడు. గ్లాసు అడుగున వెలుగుతున్న సన్నటి నీలం గీత ఆరిపోయింది. ఆయన చేతి గడియారం చూస్తూ పైకి లెక్కపెట్టాడు. పదకొండు అనేసరికి గీత మళ్ళీ వెలిగింది.

"అయిపోయింది. నీళ్ళు లేవు, సబ్బు లేదు, పీచు లేదు. మీద పడ్డది క్రిమి అయినా, చుక్క అయినా ఈ పూత తనంతట తనే చంపి దులిపేసుకుంటుంది. రాజుగారూ, ఇప్పుడు మీరు తాగండి."

కమిటీ అధ్యక్షుడు పద్మనాభరాజు గ్లాసు వంకా, తలుపు వంకా చూశాడు. "మీరు తాగిన గ్లాసులోనేనా?"

"అందులోనే."

"అంటే... ఎంగిలి కదండీ."

"అంటే ఎంగిలే. ఇది అంటదు!"

గది గొల్లుమంది. ఆ నవ్వు ఊపులో రాజుగారు తాగేశాడు. ఆయన తర్వాత మిగతా ఆరుగురూ తాగారు. ఆఖర్న వామనమూర్తి గ్లాసు తిరగేసి అడుగున గోరంత తెర చూపించాడు. వాడకం 8, నోళ్ళు 8 అని ఉంది. దులిపేముందు అంచు ప్రతి నోటినీ గుర్తుపడుతుంది, ఎన్ని వేర్వేరు నోళ్ళు తాకాయో లెక్క రాసుకుంటుంది. ఆ అంచు తయారుచేసింది డాక్టర్ సుహాసిని. ల్యాబులో చేరి మూడేళ్ళయింది, అవసరమైనదానికంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు. అందుచేత ఆవిడ కోటా మాటలు కూడా వామనమూర్తే వాడుకునేవాడు.

"మన నోట్లు మనకి రావాలంటే వాళ్ళకి నోళ్ళు చూపించాలమ్మా," అన్నాడు ఆ రోజు, నిధులొస్తున్నాయన్న ఉత్సాహంలో.

ఈ గ్లాసు వెనక ఆయనకి ఒక సిద్ధాంతం ఉంది. ఒక ఫంక్షన్ హాలు వెనక ప్లాస్టిక్ గ్లాసుల గుట్ట పక్కన నిలబడి కనిపెట్టిన సిద్ధాంతం. జనం పారేసేది గ్లాసుని కాదు, ఎంగిలిని. ఎంగిలి లేకుండా చేస్తే పారెయ్యడానికి ఇంకేం మిగలదు. కాగితం కప్పూ, ప్లాస్టిక్ గ్లాసూ వాటంతటవే పోతాయి. "వాడి వాడి వాడినా వాడనిది" అని గ్లాసుకి ఒక నినాదం కూడా రాసుకున్నాడు. నిధులొచ్చాయి. ఊళ్ళో నలభై ఇళ్ళు ఎంచుకుని ఇంటికి పన్నెండు గ్లాసులిచ్చారు. షరతు ఒక్కటే, ఆరు నెలలపాటు ఇంట్లో వాడి పారేసే గ్లాసన్నది ఉండకూడదు. అందరికీ అన్నిటికీ ఇవే. నలభైలో ఒకటి వామనమూర్తి ఇల్లు. ఇంకొకటి పద్మనాభరాజుది.

* * *

ఆరు నెలలు గడిచాయి.

"సార్, ఇంకో ఇల్లు," అంది సుహాసిని తెరమీంచి కళ్ళు తిప్పకుండా.

"ఎన్నయ్యాయి?"

"ముప్పై ఏడు."

వామనమూర్తి కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. గ్లాసులు వారానికోసారి పంపే లెక్కలు తెరమీద వరసగా ఉన్నాయి. ప్రతి ఇంట్లోనూ చాలా గ్లాసులకి వాడకం వెయ్యి దాటింది, నోళ్ళు పదో, పదిహేనో, చుట్టాలొచ్చిన ఇళ్ళలో ముప్పయ్యో. గ్లాసులు చేతులు మారుతున్నాయి, నోళ్ళు మారుతున్నాయి, అంతా అనుకున్నట్టే. కానీ ముప్పై ఏడు ఇళ్ళలో, ఇంటికొకటి చొప్పున, కొన్నిళ్ళలో రెండేసి, విచిత్రమైన గ్లాసులున్నాయి. వాడకం మూడు వందల చిల్లర. నోళ్ళు ఒకటి.

"రోజూ వాడుతున్నారు, రెండో నోరు మాత్రం నమోదు కావడం లేదు," అన్నాడు ఆయన. "అంచు పాడైంది."

"నాలుగు గ్లాసులు వెనక్కి తెప్పించి చూశాను సార్. ఇక్కడ మనందరి నోళ్ళూ గుర్తుపట్టాయి."

"ల్యాబుకొస్తే బుద్ధిగా ఉంటుంది, ఇంటికెళ్తే మొండికేస్తుంది. అచ్చం మొగుడి లక్షణం!" తనే నవ్వాడు. సుహాసిని నవ్వలేదు.

నవ్వే పరిస్థితి కాదని ఆయనకీ తెలుసు. కమిటీ ఉత్తరం బల్లమీదే ఉంది. శుక్రవారం సమావేశం. లోపం అంచుదే అయితే ఆ విభాగం ఎత్తేస్తారు. బాధ్యులెవరో రిపోర్టులో స్పష్టంగా రాయమన్నారు. సుహాసిని కాంట్రాక్టు ఈ నెలాఖరుకి అయిపోతుంది. 'బాధ్యులు' అన్న చోట ఎవరి పేరు పడితే వాళ్ళకి ఇంకో కాంట్రాక్టు ఇక్కడా రాదు, ఎక్కడా రాదు.

"సార్, ఒకటి అడగనా?"

"ఒకటేమిటి, వందడుగు. అడుగులే కదా, దూరం తగ్గుతుంది."

"ఈ ముప్పై ఏడు ఇళ్ళలో మీదీ ఉంది. ఏడో నంబరు గ్లాసు. అది మీ ఇంట్లో ఎక్కడుంటుంది?"

"ఎక్కడుంటుందేమిటమ్మా, గ్లాసులుండే చోట ఉంటుంది."

"ఒకసారి చూసి రండి సార్," అంది. అని, బల్లమీదున్న కాగితం కప్పు తీసుకుని చల్లారిపోయిన టీ తాగేసి, కప్పు నలిపి బుట్టలో వేసింది.

* * *

మర్నాడు పొద్దున్న ఏడింటికి వామనమూర్తి వంటింట్లో గ్లాసుల స్టాండు ముందు నిలబడి లెక్కపెట్టాడు. పదకొండు.

"శేషూ, ఏడో నంబరేదీ?"

"ఏడో నంబరేమిటండీ?" శేషారత్నం దోసె తిరగేస్తూ అడిగింది. "ఎర్రచుక్కదా? అది అప్పలకొండ గ్లాసు కదా."

"ఎక్కడుంది?"

"ఎక్కడుండాలో అక్కడే ఉంది."

అంట్లు తోమే వెనక బాల్కనీలో, కిటికీ గ్రిల్లు మీద, చీపురుకీ సబ్బుపొడి డబ్బాకీ మధ్య, గ్లాసు బోర్లించి ఉంది. అడుగు పైకి ఉండటం వల్ల నీలం గీత దూరానికే కనబడుతోంది. శుభ్రంగా ఉన్నాను, శుభ్రంగా ఉన్నాను అని ఆరు నెలలుగా ఎవరూ చూడని చోట వెలుగుతోందన్నమాట. గీత పక్కన ఎర్రటి చుక్క. కింద అంకెలు. వాడకం 362, నోళ్ళు 1. అప్పలకొండ పనికి రోజుకి రెండు పూటలొస్తుంది. పూటకో టీ.

"దీన్నిక్కడ ఎవరు పెట్టారు?" కేకేశాడు.

శేషారత్నం అట్లకాడ పట్టుకునే వచ్చింది. "అదేం ప్రశ్న? మీరే."

"నేనా?"

"గ్లాసులొచ్చిన రోజు గుర్తులేదూ? నేనేదో చేతికందింది తీసి దానికి టీ పోసిస్తే, 'ఉండుండు, కలిసిపోతాయి' అని నా గోళ్ళరంగు సీసా తెచ్చి చుక్క పెట్టారు. 'దీనికి తిలకం దిద్దాను, ఇక తికమక లేదు' అన్నారు కూడాను. అంతకుముందు దానికి కాగితం గ్లాసుల్లోనే కదా ఇచ్చేవాళ్ళం. రోజుకి రెండు కాగితం గ్లాసులు మిగిల్చానని మీరు ఆఫీసులో అందరికీ చెప్పుకోలేదూ?"

చెప్పుకున్నాడు. ఒక సభలో కూడా చెప్పుకున్నాడు. చప్పట్లు కొట్టారు.

ఎంగిలి మిగలదని నలభై ఇళ్ళకి హామీపత్రం రాసిచ్చిన మనిషి, ఆ పత్రం మీద సిరా ఆరకముందే గోళ్ళరంగు సీసా వెతుక్కున్నాడు. ఎందుకు పెట్టావని ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే, గుర్తు కోసం అనేవాడు. దేనికి గుర్తు అని అడిగేవాళ్ళు లేకపోయారు. చెయ్యి దానంతటదే వెళ్ళింది. పిలవకుండా, చెప్పకుండా, చెమట తుడుచుకోవడానికి వెళ్ళినట్టు వెళ్ళింది.

అంచు చెడలేదు. ముప్పై ఏడు ఇళ్ళలో ఎక్కడా చెడలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

శేషారత్నం దోసె మాడుతోందని లోపలికి పరిగెత్తింది. వామనమూర్తి గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. అప్పుడొచ్చింది ఆయనకి ఆ ఆలోచన. మొదటి ఆలోచన సుహాసిని గురించి కాదు, అప్పలకొండ గురించీ కాదు. ఇందులో ఒక్క గుక్క తాగితే నోళ్ళు రెండవుతాయి. రేపు కమిటీ ముందు ఆ జాబితాలో తన ఇల్లు ఉండదు.

కుళాయి తిప్పాడు. నీళ్ళు పట్టాడు. అంత గొప్ప గొంతున్న మనిషి చప్పుడు కాకుండా మింగాడు. అంకె మారింది. నోళ్ళు 2.

"ఏటి బాబూ?"

తిరిగి చూస్తే బాల్కనీ గుమ్మంలో అప్పలకొండ. కొంగు బొడ్లో దోపుకుని, చెప్పులింకా చేతిలోనే ఉన్నాయి.

"ఏం లేదు అప్పలకొండా. దాహమేసి..."

"అది నా గలాసు బాబూ."

"తెలుసు. అంటే... అన్నీ ఒకటే కదా. ఏం ఫర్వాలేదు. దీనికి ఎంగిలంటదు."

అప్పలకొండ చెప్పులు మూల పెట్టి, చీపురందుకుంది. "అంటదని నానెప్పుడో ఎరుగుదును బాబూ. తవరు కమిటీ వాల్లకి ఫోన్లో సెప్తంటే ఇన్నాను. తవరికే తెల్దనుకున్నాను."

ఆయన గ్లాసుని తీసిన చోటే బోర్లించి లోపలికి నడిచాడు.

* * *

మధ్యాహ్నం ల్యాబుకి వెళ్ళేసరికి సుహాసిని తెర ముందే ఉంది.

"మీ ఇంటి ఏడో నంబరు మారింది సార్. ఇవాళ్టి లెక్క నేనే అడిగి తెప్పించుకున్నాను. రెండో నోరు. పొద్దున్న ఏడూ పన్నెండుకి." ఆవిడ గొంతులో ఎత్తిపొడుపు లేదు. అదే ఉంటే బాగుండునని ఆయనకనిపించింది. "మీదేనా?"

ఆయన తలూపాడు.

"జాబితాలోంచి తీసెయ్యనా? ముప్పై ఆరవుతాయి."

"వద్దు."

టీ వచ్చింది. ఎంగిలంటని గ్లాసు కనిపెట్టిన ల్యాబులో టీ మాత్రం కాగితం కప్పుల్లోనే వస్తుంది. ట్రేలో ఆరు కప్పులు. ఆయన వాటిని ఆ రోజే మొదటిసారి చూసినట్టు చూశాడు.

"నీకు ముందే తెలుసు కదమ్మా. ముప్పై ఏడూ ఏమిటో."

"మొదటి ఇంటికే తెలిసింది సార్."

"మరి చెప్పలేదేం?"

"నేను చెప్తే నా అంచుని నేను వెనకేసుకొస్తున్నానంటారు." ఆవిడ ఒక కప్పు తీసుకుంది. "నోళ్ళ లెక్క ఎందుకు పెట్టావని మీరెప్పుడూ అడగలేదు. దులపడానికి ఆ లెక్క అక్కర్లేదు. నేనొచ్చేదాకా ఇక్కడ పింగాణీ కప్పులుండేవట కదా. కొక్కేలింకా ఉన్నాయి."

గోడకి అయిదు కొక్కేలు. కొత్తమ్మాయి చేరిన సోమవారం వామనమూర్తి ప్రకటించాడు, ఇకనుంచీ కాగితం కప్పులేనని. "ఒకరి కప్పు ఒకరికి తప్పు, కడుగుడు కష్టం తప్పు" అన్నాడు. ఆరో కప్పు కొనొచ్చని తట్టలేదు. ఆ అమ్మాయి దరఖాస్తు కాగితంలో ఒక గడి ముందు ఆయన చూపు ఓ క్షణం ఎక్కువసేపు ఆగింది. ఆ ఆగడానికీ ఈ కప్పులకీ సంబంధముందని ఆయన అప్పుడూ అనుకోలేదు, ఆ తర్వాత మూడేళ్ళూ అనుకోలేదు. పైగా అందరికీ కాగితమే కదా, సమానమే కదా అని మురిశాడు. ఒక్క మనిషితో కప్పు పంచుకోవలసి వస్తుందని అయిదుగురి కప్పులు కొక్కేల మీంచి దిగిపోయాయి. అప్పట్నుంచీ బుట్ట రోజూ నిండుతోంది.

"క్షమించమ్మా."

"దేనికి సార్?"

"కప్పులకి."

"ఇప్పుడు నేనేమనాలి సార్? ఫర్వాలేదనాలా?" అడిగింది సుహాసిని. నిజంగానే అడిగింది. జవాబు కోసం ఆగింది కూడా.

* * *

శుక్రవారం పొద్దున్నే అప్పలకొండ రాకముందే ఆయన ఏడో నంబరు గ్లాసుని చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

కమిటీ ఏడుగురూ వచ్చారు. వామనమూర్తి లేచి నిలబడితే అలవాటుగా పెదాలు సాగదీసుకుని సిద్ధంగా కూర్చున్నారు.

"అంచులో లోపం లేదు," అన్నాడు ఆయన. "ఒక్క నోరు చూపిస్తున్న గ్లాసుల్ని నిజంగానే ఒక్క మనిషే వాడుతోంది. పనిమనిషి. ఇది మా ఇంటి గ్లాసు. ఆవిడ పేరు అప్పలకొండ. వెనక బాల్కనీలో చీపురు పక్కన ఉంటుంది. చుక్క పెట్టింది నేను."

ఒకాయన కిసుక్కుమన్నాడు.

"దీనిమీద రెండు నోళ్ళున్నాయి. ఒకటి ఆవిడది. రెండోది దొంగది. మొన్నటిదాకా ఒకటే ఉండేది. మీకు దొరికిపోకూడదని నిన్న పొద్దున్న నేను తాగాను."

గది గొల్లుమంది. పద్మనాభరాజు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "దొంగ నోరట! వామనమూర్తిగారూ, మీరు సినిమాలకి రాయాల్సింది."

"హాస్యం కాదండీ."

ఇంకా నవ్వారు. మూడు దశాబ్దాలుగా ఎడాపెడా చల్లిన మాటలన్నీ ఇవాళ తిరిగొచ్చి ఆయన నోటికి అడ్డం పడ్డాయి. ఆయన కూర్చోలేదు. నవ్వు అయ్యేదాకా నిలబడ్డాడు. అయిపోయాక కూడా నిలబడే ఉన్నాడు. గ్లాసు బల్లమీద నీలంగా వెలుగుతోంది. నవ్వు ఒక్కొక్క కుర్చీ దగ్గరా ఆరిపోయింది.

"మీ ఇంట్లో రెండున్నాయి రాజుగారూ. మూడో నంబరూ, పదకొండో నంబరూ."

"ఒకటి డ్రైవరు..." అని మొదలుపెట్టి పద్మనాభరాజు ఆగిపోయాడు. కళ్ళజోడు పెట్టుకున్నాడు. కాగితాలు సర్దుకున్నాడు. సర్దాల్సినదానికంటే ఎక్కువసేపు సర్దుకున్నాడు.

"సరే," అన్నాడు ఆఖరికి. "గ్లాసు బాగుంది. పూత బాగుంది. మార్కెట్లోకి వదులుదాం. ఈ నోళ్ళ లెక్క మాత్రం జనానికెందుకండీ? అనవసరమైన గొడవ. తీసెయ్యండి. డాక్టర్ సుహాసినికి ఆరు నెలలు పొడిగిద్దాం, ఆ పనికే."

తను చేసినదాన్ని తనే తీసెయ్యడానికి ఆరు నెలలు. సుహాసిని కళ్ళు దించలేదు. "మరి రిపోర్టులో ఏం రాస్తారు సార్?" అని వామనమూర్తిని అడిగింది, అందరూ వినేటట్టు.

ఆయన కలం తీశాడు. 'లోపానికి బాధ్యులు' అన్న చోట, పరికరంలో లోపం లేదని రాశాడు. ముప్పై ఏడు ఇళ్ళ నంబర్లూ వరసగా రాశాడు. అన్నిటికంటే ముందు రాసిన తన ఇంటి నంబరు పక్కన తన పేరు రాశాడు, చుక్క సంగతీ, ఏడూ పన్నెండు సంగతీ రాశాడు. ఎక్కడా ఒక్క మాటా మెలి తిరగలేదు. సంతకం పెట్టాడు. కమిటీ దాన్ని ఏ అల్మారాలో పెడుతుందో ఆయనకి తెలుసు. అయినా రాశాడు, ఇంక చెయ్యగలిగింది అదొక్కటే మిగిలింది కాబట్టి.

* * *

అయిదింటికి ఇల్లు చేరేసరికి అప్పలకొండ వెనక బాల్కనీలో అంట్లు తోముతోంది. వంటింటి చెత్తబుట్టలో, పైనే, నలిగిన కాగితం గ్లాసులు రెండు ఉన్నాయి.

"ఇవెక్కడివి?"

"దాని గ్లాసు మీరు పట్టుకుపోయారు కదండీ," అంది శేషారత్నం టీపొడి వేస్తూ. "పక్కవాళ్ళనడిగి తెచ్చాను రెండు."

స్టాండులో పదకొండు గ్లాసులు తళతళలాడుతున్నాయి. ఆయన వాటిని చూశాడు. శేషారత్నం ఆయన చూపు వెంటే వాటిని చూసింది. చూసి, పొయ్యి తగ్గించి, అటు తిరిగి నిలబడింది.

వామనమూర్తి ఏడో గ్లాసు పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఎర్రచుక్కని దారిలో గోటితో గీకి గీకి తీసేశాడు, ఇంకా కొంచెం మిగిలింది.

"అప్పలకొండా, ఇకనుంచీ నువ్వు ఏ గ్లాసులోనైనా తాగు. అన్నీ లోపలే ఉంటాయి. నీకిష్టమొచ్చింది తీసుకో."

"నాది నాకిచ్చీండి బాబూ, సాలు."

చెయ్యి చాచింది. ఇచ్చాడు. అడుగున నీలం గీత నిశ్చింతగా వెలుగుతోంది. లోకంలో ఇంతకంటే శుభ్రమైన వస్తువు లేదని ఆయన పరీక్షలు నలభైసార్లు రుజువు చేశాయి. కడగక్కర్లేదు, తోమక్కర్లేదు.

అప్పలకొండ కుళాయి తిప్పింది. పీచుకి సబ్బుపొడి అద్దింది. గ్లాసు లోపలా, బయటా, అంచు చుట్టూ తోమింది. కడిగింది. మళ్ళీ సబ్బు అద్ది తోమింది. మూడోసారి అంచు మాత్రమే, ఆయన నోరు పెట్టిన అంచు, వేళ్ళు ఎర్రబడేదాకా రుద్దింది. ఎండకి చాచి, ఒకసారి తిప్పి చూసుకుని, గ్రిల్లు మీద తన చోట తను బోర్లించుకుంది.

ఆయన గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉన్నాడు.